కన్నాల మేస్త్రి

మా నాన్నను అందరూ కన్నాల మేస్త్రి అంటారు. గోడకు కన్నం వేసేవాణ్ణి దొంగ అనడం లోకంలో మామూలే కాబట్టి ఆ పేరు మొదటిసారి విన్నవాళ్ళు కాస్త ఉలిక్కిపడతారు. "భయపడకండి, ఈయన పట్టపగలే వేస్తాడు. వేసే ముందు మిమ్మల్ని అడుగుతాడు. మీరు వద్దన్నా వేస్తాడు" అని మా వీధి చివర గొట్టాల కొట్టాయన అందరికీ పరిచయం చేస్తుంటాడు. విన్నవాళ్ళందరూ నవ్వుతారు. నాన్న ఒక్కడే నవ్వడు.

ఆయన పని కుళాయిలు, గొట్టాలు. ఎవరింట్లో స్నానాల గది బాగుచేసినా, సామాను సర్దుకునే ముందు రెండు కన్నాలు వేస్తాడు. ఒకటి పైకప్పుకు జానెడు కింద, రెండోది తలుపు అడుగున. రెండింటికీ మూయడానికి వీల్లేని రేకు జల్లెడ బిగిస్తాడు. బొద్దింకలొస్తాయని ఒకరు, చలిగాలి కొడుతుందని ఒకరు, మా ఆయన పాటలు పక్కింటికి వినిపిస్తాయని ఒకావిడ గొడవపెట్టారు. "అయితే వేరే మేస్త్రిని పిలుచుకోండి" అనేసి సంచీ భుజాన వేసుకునేవాడు. చేతికొచ్చిన పని అలా వదులుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో అమ్మ గిన్నెలు కాస్త గట్టిగా తోమేది.

ఆయన తెలివితేటలు కన్నాలతో ఆగలేదు. పిండి చేతులతో కుళాయి తిప్పక్కర్లేకుండా వంటింట్లో కాలితో తొక్కే మీట పెట్టాడు. చేతులు కడుక్కున్న నీళ్ళు మరుగుదొడ్డి తొట్టెలోకి దిగేలా గొట్టం మళ్ళించాడు. మిద్దె మీద ట్యాంకు నిండితే ఈల వేసే బిరడా ఒకటి చేశాడు. ఇవి సరదా పనులు, అడిగితే గంటసేపు చెబుతాడు. స్నానాల గది దగ్గరికొచ్చేసరికి మనిషి మారిపోతాడు. అక్కడ తలుపు బయటికే తెరుచుకోవాలి. లోపల గడియ వేసినా, బయట నుంచి చెంచా కాడ దూర్చి తిప్పితే అది ఊడిరావాలి. నేలకు జానెడు ఎత్తున ఇంకో మీట ఉండాలి. దాన్ని కొడితే నీళ్ళు ఆగి, వంటింట్లో గంట మోగాలి. గ్యాస్ గీజర్ గోడకు బయట, ఆరుబయట రేకు గొడుగు కింద ఉండాలి. లోపలికి వేడినీళ్ళు రావాలే తప్ప మంట రాకూడదు.

ఇవి చూడడానికి పక్క వీధుల నుంచి జనం వచ్చేవారు. పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఆయన చేతులు పట్టుకుని వదిలేవారు కాదు. మా నాన్న బుర్ర పాదరసమని నేను గర్వంగా తిరిగేదాన్ని. ఆ మీట, ఆ తలుపు, ఆ కన్నం, ఒక్కొక్కటీ ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిసేసరికి నాకు ముప్పై నాలుగేళ్ళు నిండాయి.

అంతకు ముందు ఆయనకు వేరే పేరుండేదని కొట్టాయనే ఒకసారి చెప్పాడు. చీమ దూరని మేస్త్రి అనేవారట. కిటికీ అద్దమైనా, గొట్టం అతుకైనా, ఆయన పుట్టీ పెట్టి మూశాడంటే చీమ కూడా దూరదని. మూయడంలో అంత పేరున్నవాడు కన్నాలు వెయ్యడం ఎప్పుడు మొదలుపెట్టాడని అడిగితే, "నీకు పన్నెండేళ్ళప్పుడనుకుంటా. ఎందుకని మాత్రం అడక్కు, నేనూ అడగలేదు" అన్నాడు.

మా ఇంట్లో స్నానం చేయడం కూడా ఒక వింతే. నీళ్ళ చప్పుడు మొదలైన కాసేపటికి తలుపు మీద వేలితో రెండు దెబ్బలు పడతాయి. "ఉన్నావా?" అంటాడు నాన్న. "ఉన్నా" అనాలి. ఇంకాసేపటికి మళ్ళీ రెండు దెబ్బలు, మళ్ళీ ఉన్నావా. తల రుద్దుకుంటున్నా, నోట్లో సబ్బు నురగ పడుతున్నా జవాబు చెప్పి తీరాలి. ఇంట్లో నీళ్ళ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆయన కూర్చోడు, కన్ను మూయడు. "ఈ ఇంట్లో స్నానమంటే కోర్టులో సాక్ష్యం చెప్పడమే" అనేది అమ్మ. చుట్టాలు మా ఇంట్లో ఒక పూటకు మించి ఉండకపోవడానికి ఇదే కారణమని ఆమె గట్టి నమ్మకం.

పద్నాలుగేళ్ళప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ వయసులో తలుపవతల తండ్రి నిలబడి ఉన్నావా అని అడుగుతుంటే ఎవరికి మండదు? ఆ రోజు కావాలనే నోరు మెదపలేదు. రెండు దెబ్బలు పడ్డాయి. మళ్ళీ రెండు పడ్డాయి. నేను తువ్వాలు చుట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. కీలు కిర్రుమంది, తలుపు మొత్తంగా పైకి లేచి ఊడింది. నాన్న దాన్ని రెండు చేతులా తనకూ నాకూ మధ్య అడ్డంగా పట్టుకుని, ముఖం అటు తిప్పేసి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. "ఒక్క మాట మాట్లాడమ్మా" అన్నాడు. "ఉన్నా నాన్నా" అన్నాను. ఆ తర్వాత నేనెప్పుడూ జవాబు ఆలస్యం చెయ్యలేదు.

పెరట్లో ఆయన సామాన్ల షెడ్డు ఉంది. పాత కుళాయి ఒక్కటి పారేసిన పాపాన పోలేదాయన. ప్రతిదాన్నీ విప్పి, కడిగి, ఇంకోదానికి అతికేవాడు. ముట్టుకోనిది ఒక్కటే ఉండేది. మూలన మేకుకు గోనెసంచిలో ఒక పాత గ్యాస్ గీజర్ వేలాడుతుండేది. దాన్ని అమ్మడు, విప్పడు, తుడవడు. పని నేర్చుకునే కొత్తలో దాని లోపలి రాగి చుట్ట దేనికైనా పనికొస్తుందని దించాను. నాన్న వచ్చి చూశాడు. నా చేతుల్లోంచి తీసుకుని, సంచీ మూతి మళ్ళీ కట్టి, మేకుకు తగిలించి, ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాడు. "దాని జోలికి పోకు. అదేమిటో నాకూ తెలీదు. అడిగిన రాత్రి నిద్రలో ఏడుస్తాడు" అంది అమ్మ.

నేను ఈ పనిలోకి రావడం వెనక పెద్ద కథేమీ లేదు. కార్యాలయంలో కుర్చీ పని మూడు నెలలు చేసి, కుర్చీ నన్ను తింటోందని మానేశాను. ఆడపిల్లకి పానా ఏమిటన్నవాళ్ళ ఇళ్ళలో కుళాయిలు కూడా కారతాయి కదా, వాళ్ళే పిలిచారు. ఇప్పుడు నాన్నకు అరవై ఏడు. మోకాళ్ళు వంగవు. షెడ్డులో కూర్చుని గొట్టాలకు మరలు కోస్తుంటాడు, నేను ఇళ్ళకు వెళ్తాను. పెద్దవయసువాళ్ళకు స్నానాల గదులు అమర్చడంలో నాకూ కాస్త పేరొచ్చింది.

మొన్న చలి తగ్గుతున్న రోజుల్లో ఒకావిడ ఫోన్ చేసింది. "నేను లెక్కల టీచర్ని. రిటైరై పద్దెనిమిదేళ్ళయింది. నా మోకాళ్ళకి మెట్లు పనికిరావట. లోపలి స్నానాల గది బాగుచెయ్యాలి" అన్నారు. ఎక్కడని అడిగి, చిరునామా రాసుకుని, అలవాటుగా నాన్నకు చదివి వినిపించాను. మర కోస్తున్న చెయ్యి ఆగింది.

"ఆ ఇంటికి వద్దు" అన్నాడు.

"ఎందుకు?"

"వద్దన్నాను కదమ్మా."

పని వదులుకోవడం ఆయనకు కొత్త కాదు, కానీ గది చూడకుండానే వదలడం ఎప్పుడూ లేదు. నాకు ఆయన మొండితనమే వచ్చింది. వద్దన్నాడు కాబట్టే మర్నాడు పొద్దున్నే వెళ్ళాను.

టీచరమ్మకు డెబ్బై ఆరేళ్ళు. సన్నగా, నిటారుగా, సుద్దముక్క అరిగినట్టు ఉన్నారు. ఒక్కరే ఉంటారు. భర్త పోయి తొమ్మిదేళ్ళయిందట. నేను హాల్లోంచి గొట్టం వెళ్ళే దారి కొలతలు కాగితం మీద వేస్తుంటే పక్కనుంచి చూసి, "ముప్పై ఆరూ ఇరవై నాలుగూ అరవై. నువ్వు యాభై తొమ్మిది రాశావు" అన్నారు. దిద్దుకున్నాను. అప్పటిదాకా మేము హాల్లోనే ఉన్నాం. ఆ తర్వాత ఆవిడ కొంగుకు కట్టుకున్న తాళంచెవి తీసి, లోపలి స్నానాల గది తలుపు తెరిచారు.

"ఇరవై రెండేళ్ళుగా పెరట్లో గదే వాడుతున్నాను. అక్కడికి నాలుగు మెట్లు. ఇప్పుడు దిగలేను" అన్నారు. ఆవిడ మాత్రం గుమ్మం దాటలేదు.

నీళ్ళు తగలని స్నానాల గదికి ఒక వాసన ఉంటుంది. ఎండిపోయిన సున్నం వాసన, దాని వెనక తుప్పు. కుళాయి మీద దుమ్ము గూడు కట్టింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. గడియ దగ్గర చెక్క ఒకసారి పగిలి, కొత్త ముక్క అతికి ఉంది. గోడ మీద రెండు మేకుల కన్నాలు, వాటి మీద పొగచూరిన మరక. ఆ రెండు కన్నాల మధ్య దూరం కొలవకుండానే నాకు తెలుసు. జానెడు మీద నాలుగు వేళ్ళు. మా షెడ్డులో సంచీలో వేలాడే దాని వీపున కొక్కేలు అంతే దూరంలో ఉంటాయి.

నేను తల పైకెత్తాను. వెంటిలేటర్‌కు అద్దం బిగించి ఉంది. చుట్టూ పుట్టీ, ఎంత పొందికగా ఉందంటే గోడే అద్దంగా మారిందా అనిపిస్తుంది. స్టూలు ఎక్కి చూశాను. నాలుగు మూలల్లోనూ బొటనవేలి ముద్ర ఉంది. పుట్టీ పెట్టాక మూలలు ఎడమ బొటనవేలితో నొక్కడం నాన్న అలవాటు. ఆ వేలికి చిన్నప్పుడు రేకు కోసిన గాటు అడ్డంగా ఉంటుంది. ఆ గాటు నాలుగు ముద్రల్లోనూ ఉంది. నేను ఆ ముద్ర మీద నా వేలు పెట్టి, దిగడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

"అది మా అమ్మాయి పోయిన గది" అన్నారు టీచరమ్మ గుమ్మంలోంచి. "నీకు ముందే చెప్పాలి. తర్వాత ఎవరో చెబితే భయపడతావు. పంతొమ్మిదేళ్ళు. దాన్ని పిచ్చుక అనేవాళ్ళం, ఒక్కచోట కూర్చునేది కాదు. లెక్కల టీచరు కూతురు లెక్కల్లో తప్పింది. ఆ పొద్దున నేను, నీ ముఖం నాకు చూపించకు అన్నాను. స్నానానికని వెళ్ళింది. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. పంతొమ్మిదేళ్ళ గుండె ఎందుకాగుతుంది? ఏదో మింగిందని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు. నేను చెప్పిన మాట పుట్టి బుద్ధెరిగాక ఒక్కటి వినలేదు ఆ పిల్ల. ఆ ఒక్కటీ వింది."

ఆవిడ ఏడవలేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు చెప్పారు, నాకు అదే ఎక్కువ భయమేసింది. ఎన్నాళ్ళ నుంచి అద్దం ఉందని అడిగాను. "ఆ చలికాలమే పెట్టించాం. గీజర్ పెట్టిన నెలకి" అన్నారు. రేపు పని మొదలుపెడతానని చెప్పి బయటపడ్డాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. గ్యాస్ మంట గదిలో గాలిని తింటుంది. తినడానికి గాలి చాలకపోతే విషం కక్కుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. స్నానం చేసే మనిషికి కాస్త నిద్రమత్తు వస్తుంది, కాళ్ళు తేలిపోతాయి, అంతే. గీజర్ ఉన్న గదికి చీమ దూరని మేస్త్రి అద్దం బిగించాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న షెడ్డులోనే ఉన్నాడు. నేను నేరుగా వెళ్ళి మేకు మీద సంచీని పట్టుకున్నాను. ఆయన చేతిలో గొట్టం కింద పెట్టాడు.

"చూశావా" అన్నాడు.

"నీ వేలిముద్రలు చూశాను."

నాన్న నేలను చూస్తూ చెప్పాడు. "పిల్లకి జలుబు చేస్తోంది, గాలి రాకుండా మూసెయ్ మేస్త్రీ అన్నారావిడ. మూశాను. ఎంత బాగా కుదిరిందో అని కిందకి దిగి రెండుసార్లు చూసుకుని మురిసిపోయాను కూడా. గీజర్ బిగించిందీ నేనే. అద్దం పెట్టిందీ నేనే. అప్పట్లో అందరం అలాగే బిగించేవాళ్ళం, నాకు తట్టలేదు. ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తట్టేది. ఆ రోజు తలుపు రావట్లేదని నాకే కబురు పెట్టారు. గడియ విరగ్గొట్టాను. అయినా రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపు కదా, ఆ పిల్ల దానికి అడ్డంగా పడిపోయి ఉంది. తలుపు తొయ్యాలంటే ఆ పిల్లని తొయ్యాలి. తోశాను."

ఆయన తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"చెయ్యి కుళాయి వైపు చాచి ఉంది. కుళాయి పైనెక్కడో ఉంది, అందదు. మంట ఇంకా మండుతోంది. నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా మండుతోంది. నాకూ తల తిరిగి పెరట్లో వాంతి చేసుకున్నాను. గీజర్ ఆపేశాను. డాక్టరు వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది, గాలంతా మారిపోయింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి."

"అడిగితే చెప్తాననేది దొంగ మాట నాన్నా."

"అవును" అన్నాడు. "మూడో రోజు వెళ్ళి, దీన్ని చూస్తుంటే మీకు బాధ కదా అని విప్పి తెచ్చేశాను. ఇంకెవరింట్లోనూ పెట్టకూడదని తెచ్చానని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ చూడకూడదనే తెచ్చాను. నిజం చెబితే, మూయమన్నది తనే కాబట్టి పాపం ఆవిడకే తగులుతుంది, అందుకే చెప్పట్లేదు అని కూడా అనుకున్నాను. అలా అనుకుంటే కాస్త ముద్ద దిగేది."

నాకు జాలి వేయాల్సింది. కోపమే వచ్చింది. ఆ పొద్దున టీచరమ్మ కూతురితో అన్న ఆఖరి మాట ఏమిటో ఆయనకు చెప్పాను. నీ ముఖం నాకు చూపించకు. ఆ పిల్ల ఆ మాట విందని ఇరవై రెండేళ్ళుగా ఆవిడ నమ్ముతున్నారని చెప్పాను. జనం ఏదో గుసగుసలాడారని నాన్నకు తెలుసు. ఈ మాట తెలీదు.

అమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో షెడ్డు తలుపు దగ్గర ఉంది. చేతిలో తడి గిన్నె. "ఇన్నేళ్ళూ స్నానాల గదిలో మా ఇద్దరి చేతా సాక్ష్యం చెప్పించారు. మీ సాక్ష్యం ఎప్పుడు?" అంది.

నేను చెప్పాల్సింది నేనూ చెప్పాను. "రేపు ఆ అద్దం పగలగొడతాను. నువ్వొస్తే నువ్వే పగలగొట్టు. రాకపోతే నేనే కొట్టి, ఎందుకు కొట్టానో ఆవిడకు నేనే చెప్తాను." తండ్రితో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

మర్నాడు నేను చెప్పులు వేసుకుంటుంటే నాన్న సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. గోనెసంచి. దారిపొడుగునా అది ఆయన వీపుకు తగిలి రేకు చప్పుడు చేస్తూ వచ్చింది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

టీచరమ్మ తలుపు తీసి చూసి వెంటనే గుర్తుపట్టారు. "ముసలివాడివైపోయావు మేస్త్రీ" అన్నారు. కూర్చోమన్నా నాన్న కూర్చోలేదు. సంచీ విప్పి గీజర్‌ను ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాడు. నిలబడే మొత్తం చెప్పాడు. నాకు చెప్పినట్టే, అదే వరసలో, చెయ్యి చాచి ఉండడం దాకా, పచ్చ మంట దాకా. ఒక్కచోట మాత్రం మార్చాడు.

"అద్దం నా సొంత తెలివమ్మా. మీరు పెట్టమనలేదు."

"అబద్ధం" అన్నారు టీచరమ్మ. "నేనే మూయమన్నాను. దానికి జలుబు."

పెరట్లో గదిలో కుళాయి కారుతున్నట్టుంది, చుక్క చుక్కగా ఆ చప్పుడు ఇంట్లోకి వినిపించింది. ఆవిడ వంగలేక వంగి గీజర్ మీద చెయ్యి పెట్టారు. పెట్టిన చోట దుమ్ము చెదిరి వేళ్ళ జాడ పడింది.

"వాళ్ళ నాన్న పోయేముందు రోజు కూడా అడిగారు, మన మీద అంత కోపం ఏం పెట్టుకుందే అది అని. నేనేం చెప్పను? ఇప్పుడు ఆయనకి చెప్పడానికి వీల్లేదు. అది మాత్రం నేను మొయ్యను మేస్త్రీ. అది నువ్వే మొయ్యి."

"మోస్తానమ్మా" అన్నాడు నాన్న.

ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క కడుతున్నట్టు. మొదటి నుంచీ మళ్ళీ వేసి చూస్తున్నట్టు. చివరికి ముఖం ఒక్కసారిగా విడిపోయింది. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

"అయితే అది నా మాట వినలేదన్నమాట" అన్నారు.

మళ్ళీ అన్నారు. "వినలేదు. నా మాట ఎప్పుడూ వినలేదు. స్నానం చేసి బయటికొచ్చి ముఖం చూపించేదే." కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఏడుస్తున్నంతసేపూ నాన్న చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను గోడవైపు తిరిగాను.

తర్వాత ఆవిడ లేచి, గోడ పట్టుకుని నడుస్తూ, స్నానాల గది గుమ్మం దాటి లోపలికి వెళ్ళారు. "కొట్టు" అన్నారు. నాన్న స్టూలు ఎక్కలేకపోతే నేను నడుం పట్టుకుని ఎక్కించాను. పుట్టీ రాయిలా బిగిసింది. ఉలి పెట్టి నాలుగు మూలలూ, ఆ నాలుగు వేలిముద్రలూ, ఒక్కొక్కటే తొలిచాడు. తన పనితనమే ఆయనకు అడ్డుపడింది. అద్దం కదలడానికి చాలాసేపు పట్టింది. అది ఊడి చేతిలోకి రాగానే బయట గాలి లోపలికొచ్చింది. నేల మీద దుమ్ము కాస్త కదిలి గుమ్మం వైపు పాకింది. ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం. గది ఊపిరి తీసుకుందని నాకనిపించింది.

"ఇంక మిగతా పని మీ అమ్మాయి చేస్తుంది. నువ్వు వెళ్ళు. మళ్ళీ నీ ముఖం నాకు..." అని టీచరమ్మ ఆగిపోయారు. ఆ మాట మింగడానికి ఆవిడ పడిన కష్టం నేను కళ్ళారా చూశాను. "వెళ్ళిరా" అన్నారు చివరికి.

నాన్న వెళ్ళాడు. గీజర్ అక్కడే వదిలేసి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

ఆ పని ఎనిమిది రోజులు పట్టింది. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పాను. అడుగున కన్నం వేశాను. గోడకు పట్టుకునే కడ్డీలు బిగించి, నేలకు జానెడు ఎత్తున మీట పెట్టి, గంట ఎక్కడ పెట్టాలని అడిగాను. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు కదా. పక్కింటి కుట్టుపనావిడ వంటింట్లో పెట్టించారు. ఆ ఎనిమిది రోజులూ మా ఇంట్లో తలుపు మీద రెండు దెబ్బలు ఎప్పట్లాగే పడ్డాయి. అమ్మా నేనూ ఎప్పట్లాగే ఉన్నామని చెప్పాం. ఒక మనిషి నిజం చెబితే మర్నాటికల్లా బాగుపడతాడని నేను అనుకున్నాను. అది కుళాయి కాదు కదా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సామాను దించుకుని షెడ్డులోకి వెళ్ళాను. మూలన మేకు ఖాళీగా ఉంది.

"టీచరమ్మ ఈ పొద్దున ఆ గదిలో స్నానం చేశారు" అన్నాను.

"తలుపు వేసుకున్నారా?"

"వేసుకున్నారు."

"ఎంతసేపు?"

"చాలాసేపు. నేను బయటే కూర్చున్నాను. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు. తిడుతున్నారు కూడా, తువ్వాలు లేకుండా వెళ్ళావేమే అని."

నాన్న తల ఊపి, మర కోయడంలో పడ్డాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, నేను స్నానానికి వెళ్ళాను. నీళ్ళు విప్పాను. తల రుద్దుకున్నాను. రెండు దెబ్బలు పడతాయని చెవి అటే ఉంది. పడలేదు. ఇంకాసేపు చూశాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఎవరూ అడగలేదు. విసుగని తిట్టుకున్న మాటే, అది రాకపోతే నేను ఉన్నానో లేనో నాకే అనుమానంగా ఉంది. నీళ్ళు కట్టేసి, బట్టలు మార్చుకుని తలుపు తీశాను.

నాన్న గుమ్మం పక్కన నేల మీద, గోడకు ఆనుకుని, తల ఒక పక్కకు వాలి ఉన్నాడు. చెయ్యి తలుపు వైపు చాచి ఉంది.

దగ్గరికి వెళ్ళలేకపోయాను, ముట్టుకోలేకపోయాను. గోడ మీద వేలితో రెండు దెబ్బలు కొట్టాను.

"ఉన్నావా నాన్నా?"

జవాబు లేదు. నీళ్ళు కారుతున్న జుట్టుతో అలాగే నిలబడి, మళ్ళీ కొట్టాను.

"ఉన్నాను లేవే" అన్నాడు కళ్ళు తెరవకుండా, విసుగ్గా. "కాస్త కునుకు పట్టనీ."